పెద్దబజారున పోయిన మా ప్రెసిడెంటు

మా ప్రెసిడెంటు చనిపోయాడు. మాచర్ల నుంచి వచ్చే పొద్దుటి బస్సు ఇంకా ఆగకముందే కండక్టరు మెట్టు మీద నిలబడి కేక వేశాడు: "మీ ప్రెసిడెంటు ఆసుపత్రిలో పోయాడయ్యా! ఎనక జీపులో తెస్తన్నారు!" టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళలో సగం మంది లేచారు. సగం మంది లేవలేదు. మాది ఎలాంటి ఊరో తెలియడానికి ఆ ఒక్కటి చాలు.

నిజానికి మాజీ ప్రెసిడెంటు అనాలి. పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయి కొన్నేళ్ళయింది. గెలిచినాయన్ని జనం సర్పంచి అన్నారు. ఓడినాయన్ని మాత్రం చచ్చేదాకా ప్రెసిడెంటు అనే పిలిచారు, గిట్టనివాళ్ళతో సహా. పదవి ఊడింది గానీ పిలుపు ఊడలేదు.

నేను రాళ్ళపనివాణ్ణి. నాపరాయి క్వారీలో పుట్టాను, అక్కడే ముసలివాణ్ణయ్యాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన నేర్పిందే. భిక్ష అనను. ఆయనా అలా అనుకోలేదు. నన్ను వార్డు మెంబరుగా నిలబెట్టి గెలిపించాడు. మొదటి మీటింగులో వేలిముద్ర వేద్దామని చెయ్యి చాపితే ఇంకుడబ్బా వెనక్కి లాక్కున్నాడు.

"అంతంత బండలు తొలుస్తావు. నీ పేరులో అక్షరాలు తొలవలేవంట్రా?"

"నాకు చదువు రాదని ఊరందరికీ తెలుసుగా" అన్నాను.

"రాకపోతే సిగ్గేం లేదు. రాదని మీసం తిప్పుతన్నావు చూడు, దానికి సిగ్గుపడు."

ఆయన అరుగు మీద, నేను పరిచిన బండ మీదే, సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. తప్పు రాస్తే కాలి మడమతో చెరిపేవాడు. "అక్షరాన్ని కాలితో తొక్కుతావా?" అని వాళ్ళావిడ కేకలేసేది. ఆమెను నేను అక్కా అంటాను. ఆర్పిన చుట్టముక్క చెవి వెనక దోపుకుని, ఆ సంగతి మరిచి ఆయన ఇల్లంతా వెతికేవాడు. అక్క చెప్పేది కాదు. వెతకనిచ్చి, పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది. కొడుకు పోయాక ఆ నవ్వు లేదు. చెవి వెనకనుంచి చుట్ట తీసి, మాట్లాడకుండా చేతిలో పెట్టేది.

మా ఊరి శ్మశానానికి దారులు రెండు. ఒకటి పెద్దబజారు, రెండోది వాగు గట్టు. మా రాళ్ళపనివాళ్ళ శవాలు గట్టునే పోవాలని పాత కట్టు. పాడె ఇంటి ముందు నుంచి పోతే, పోయాక ఆ ఇంటి ఆడవాళ్ళు గడప మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. అది పోయినవాడికి ఆ ఇల్లు చేసే ఆఖరి మర్యాద. పగ ఉన్న ఇల్లు తలుపు వేసుకుంటుంది, నీళ్ళు పొయ్యదు.

క్వారీలో బండ జారి మా నాయన చనిపోయినప్పుడు ఈయన కొత్తగా ప్రెసిడెంటు అయ్యాడు. మేం పాడెను గట్టువైపు తిప్పుతుంటే ఎదురొచ్చి ముందుకొమ్ము తన భుజానికెత్తుకున్నాడు.

"ఈ బజారుకి బండలు పరిచింది ఈయన. పరిచేటప్పుడు లేని అంటు పోయేటప్పుడు ఏడనుంచి వచ్చింది? తిప్పండిరా ఇటు."

ఆ రోజు బజారులో చాలా తలుపులు మూసుకున్నాయి. తర్వాత్తర్వాత అలవాటు పడ్డారు. నేను ఎవరినీ దొరా అని పిలిచినవాణ్ణి కాదు, ఆయన్నీ పిలవలేదు. కానీ మా నాయన పాడె కింద ఉన్న ఆ భుజాన్ని నేను మరవలేదు.

ఆ తర్వాత ఊరు రెండు పార్టీలైంది, ఒకటి ఆయనది, ఒకటి ఇప్పటి సర్పంచిది. ఆయన ఒక్కగానొక్క కొడుకును పెద్దబజారులో మూడుదారుల దగ్గర, ఆ సర్పంచి ఇంటి ఎదుటే, నరికారు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. గురజాల కోర్టుకు మాత్రం తెలియలేదు, సాక్షులు నోరు విప్పలేదు. శవం ఇంట్లో ఉండగానే మావాళ్ళు బరిసెలతో వాకిట్లో చేరారు. ఆయన బయటికి వచ్చి, "నా కొడుకును మోసేవాళ్ళు ఉండండి. చంపేవాళ్ళు పొండి" అన్నాడు. పెద్దబజారున పోతే ఇంకో శవం లేస్తుందని కొడుకును వాగు గట్టున తీసుకుపోయాడు. తను తీసేసిన కట్టును తన కొడుక్కే కట్టాడు. శవాన్ని దారి మధ్యలో దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి, లేస్తాడేమోనని. దాన్నే దింపుడు కళ్ళం అంటాం. ఎవరూ లేవరు. అయినా పిలుస్తారు. ఆ గట్టు మీద పాడె దించే చోటు లేదు. తల్లి కొడుకును పిలవనే లేదు.

చేతకానివాడన్నారు జనం. ఓట్లు అటు వేశారు. నేను ఆయన్ను వదల్లేదు. అలాగని ఆయన చేసింది ఒప్పని ఇప్పటికీ అనను. తప్పనీ అనలేను. ఆపకపోతే ఎన్ని పాడెలు లేచేవో. ఆపాడు, ఆయన ఇల్లొక్కటే ఆరిపోయింది.

ఇప్పుడు ఆయన శవం వాకిట్లో ఉంది. అక్క ఏడవలేదు. ఒకటే మాట అంది: "ఈయన పెద్దబజారునే పోవాల."

ఎస్సై వచ్చి గట్టున పొమ్మని బతిమాలాడు. ప్రెసిడెంటు తమ్ముడి కొడుకు వినలేదు. కొడుకు లేని ఇంట్లో తలకొరివి పెట్టాల్సినవాడు వాడే. అప్పటికే కుర్రకారునంతా పోగేశాడు, చూరు కింద బరిసెలు చేరాయి. అక్క అడిగింది దారి. వాడికి కావాల్సింది నెత్తురు. ఇంకో చావు ఆపడానికి కొడుకును గట్టున తీసుకుపోయినవాడు, తన శవం పేరుతో నాలుగు చావులు చూడాలా?

వాడి దగ్గరికి పోయాను. "ఒరేయ్, ఒక చేత్తో నిప్పుకుండ, ఒక చేత్తో బరిసె పట్టుకుని నడుస్తావంట్రా? ముందు ఏది దించుతావు?"

"నేను నిప్పు పట్టుకుంటాలే మావా. మావాళ్ళు పక్కన నడుస్తారు."

"పక్కన నడిచేవాడెవడూ ఉండడు. అందరూ మోసేవాళ్ళే."

క్వారీలో పెద్ద బండను ఎలా మోస్తామో అలా కట్టించాను. పాడె కింద అడ్డంగా పొడుగు వాసాలు, వాసానికి అటూ ఇటూ వరసగా మనుషులు. ఒకడు చెయ్యి వదిలితే పక్కవాడి కాలు నలుగుతుంది. కుర్రాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి వాసాల కింద నిలబెట్టాను.

"శవం బరువెంతని ఇంతమందిమి? మోసం చేస్తన్నావు ముసలోడా" అన్నాడు ఒకడు.

"అవున్రా. మోస్తే తెలుస్తది బరువెంతో. భుజం పెట్టు."

తమ్ముడి కొడుకు నా వంక చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు. బరిసె చూరుకు ఆనించి నిప్పుకుండ అందుకున్నాడు.

పెద్దబజారులో రెండువైపులా తలుపులన్నీ మూసి ఉన్నాయి. కొట్లు కట్టేశారు. డప్పు వద్దంది అక్క. బండల మీద కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడుదారుల దగ్గరికి రాగానే ఆమె ఆగింది.

"దించండి."

"ఈడ వద్దు పెద్దమ్మా, పోదాం పా" అన్నాడు తమ్ముడి కొడుకు.

"ఈడనే దించాల."

దించాం. చేతులు ఖాళీ అయ్యాయి. కుర్రాళ్ళందరి చూపూ సర్పంచి ఇంటి తలుపు మీదే. ఎవడైనా ఒక్క రాయి తీసుకుంటే చాలు, అంతా అయిపోతుంది. మా వెనకే వచ్చిన ఎస్సై లాఠీ గట్టిగా పట్టుకోవడం చూశాను. అక్క ఎవరినీ చూడలేదు. ఆయన తల దగ్గర కూర్చుంది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ చెవి వెనక్కి పోయి, అక్కడ ఏమీ దొరక్క ఆగిపోయింది. ఆ చెవి దగ్గరికి వంగింది.

"ఏమయ్యా."

"ఏమయ్యా."

మూడోసారి కొంచెం గట్టిగా పిలిచింది. మూసిన తలుపుల వెనక అందరికీ వినపడే ఉంటుంది.

"ఏమయ్యా, అబ్బాయి ఈడనే ఉండాడు. లే."

ఒక కుర్రాడు తల దించుకున్నాడు. తర్వాత ఇంకొకడు. "ఎత్తండిరా" అన్నాను. ఎత్తారు. ఒక్క రాయీ లేవలేదు.

నేను వెనక వాసం కింద ఉన్నాను. మలుపు దగ్గర తల తిప్పి చూశాను. సర్పంచి ఇంటి మెట్లకు బండలు పరిచింది నేనే, ఊరు రెండు కాకముందు. నీళ్ళు నిలవకుండా వాలు బజారు వైపు పెట్టాను. తలుపు తెరుచుకోలేదు. కానీ తలుపు కింది సందులోంచి నీళ్ళు వస్తున్నాయి. లోపల ఏ ఆడమనిషి పోసిందో, ఎవరికీ తెలియకుండా పోసిందో, నాకు తెలియదు. పగ తీరిందని నేననను. ఆ నీళ్ళు గడప దాటి, మెట్టు మీంచి మెట్టు మీదికి దిగి, బజారు బండల మీద మేం పాడె దించిన చోటిదాకా వచ్చాయి. అక్కడ చల్లిన పేలాలు ఆ తడిలో మెల్లగా కదిలాయి.