దేవుడి గుప్పెడు

మా ఇంట్లో బియ్యం కడిగే ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టేది ఒక్క మా మామ్మే, అంటే నాన్నని కన్న తల్లి. పొట్టకూటికి వలసొచ్చిన మా రైల్వే ఊళ్ళో, ప్రార్థన మందిరానికి వెళ్ళే తెలుగు ఆడవాళ్ళందరూ అంతే. వండిన ప్రతి పూటా దేవుడికి ఒక గుప్పెడు తీసి, ఆదివారం సంచిలో పోసి కానుకగా ఇచ్చి వస్తారు. కానీ మాది హిందువుల ఇల్లు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, పైగా గుడి కమిటీలో పెద్దమనిషి. అలాంటి ఇంట్లో ముసలావిడ బాప్తిస్మం తీసుకుంటే ఊరుకుంటారా?

ఆవిడ ఎందుకు మారిందో నాకు తెలుసు. అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. మామ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో పడుంటే అమ్మా నాన్నా చుట్టపుచూపుగా వచ్చి పోయేవారు. ఒళ్ళు తుడిచిందీ, మలమూత్రాలు ఎత్తిందీ మా పేట పక్కనున్న పూరీ గేట్ ప్రార్థన మందిరం ఆడవాళ్ళే.

"ఆళ్ళ దేవుడు ఎలాటోడో నాకు తెల్దే గుంటా. ఆళ్ళ సేతులు సూసినాను, సాలు," అంది నాతో.

ఇంటికొచ్చాక గుప్పెడు తియ్యడం మొదలుపెట్టింది. అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"మా బియ్యం నీ దేవుడికి ఎందుకు పెట్టాల అత్తా? పెడితే నీ కూటిలోది పెట్టుకో."

"అలగే అమ్మా," అంది మామ్మ.

అమ్మ అన్నంత పనీ చేసింది. మామ్మకి చిన్న గిన్నె విడిగా ఇచ్చి, పూటకి గ్లాసుడు బియ్యం కొలిచి పోసేది. మామ్మ అందులోంచి గుప్పెడు తీసేసి మిగిలింది వండుకునేది. ఏడ్చినా, తిరిగి తిట్టినా అమ్మ శాంతించేదేమో. ఈవిడ పాట పాడుకుంటూ పొయ్యి ముందు కూర్చునేది. దాంతో గ్లాసుడు కాస్తా అరగ్లాసు అయింది. గుప్పెడు మాత్రం గుప్పెడే.

"పిడికిలి కొంచెం చిన్నది చెయ్యి మామ్మా, దేవుడు కొలుస్తాడా ఏటి?" అని కసిరాను.

"ఆయన కొలవడు. నాకు తెలుస్తాది కదే."

నాకు ఆ దేవుడి మీద కూడా ఒళ్ళు మండేది. ముసలి ప్రాణం తిన్నదా లేదా అని అడగనివాడు ఏం దేవుడు? నేను చాటుగా రొట్టె పెడితే తినేది, నవ్వేది. గుప్పెడు మానెయ్యమంటే మాత్రం చెవిటిదైపోయేది.

మందిరంలో ఆరాధన అయ్యాక కానుకల బియ్యాన్ని వాకిట్లోనే వేలం వేస్తారు. ఇంటికో రకం బియ్యం ఒకే గోనెలో పడతాయి కనక పచ్చి బియ్యమూ ఉప్పుడు బియ్యమూ కలిసిపోతాయి. వండితే పచ్చివి జావ అవుతాయి, ఉప్పుడువి రాళ్ళలా మిగుల్తాయి. అందుకే చవగ్గా పోతాయి. ఒక ఆదివారం అమ్మ మా వీధిలో టోటో, అంటే బ్యాటరీ రిక్షా, నడిపే దాదాని పంపి ఆ గోనె కొనిపించింది. తెచ్చి మామ్మ ముందు దబ్బున పడేసింది.

"నీ దేవుడికి అక్కర్లేదంట, తిరిగి పంపినాడు. ఇంక ఇదే తిను."

మామ్మకి ఉన్నవి నాలుగు పళ్ళు. గట్టి మెతుకుల్ని బుగ్గన పెట్టుకుని, నానాక మింగేది. ఆ బియ్యంలోంచీ గుప్పెడు తీసింది. "దేవుడి కాడికి ఎల్లొచ్చిన బియ్యం నా నోట్లోకి వచ్చినాయే గుంటా, ఎంత బాగ్గెం!" అంటుంటే, అమ్మ వంటింట్లోంచి విని పగలబడి నవ్వింది. ఆ నవ్వుని నేను ఈనాటికీ క్షమించలేదు.

చలికాలం వచ్చేసరికి చిక్కి సగమైంది. ఒక శనివారం పొద్దున్న లేవలేదు. మర్నాడు తీసుకెళ్ళాల్సిన సంచి తలగడ పక్కనే నిండుగా ఉంది.

సమాధి చేస్తామని మందిరం ఆడవాళ్ళు వచ్చారు. నాన్న గుమ్మం దిగకుండానే చెప్పాడు.

"కొడుకుని, నాను బతికే ఉన్నాను. కాల్సడం నాకు తెల్సు. ఎల్లండి."

వాళ్ళు రోడ్డు మీదే నిలబడి ఏడ్చారు. లోపల మా పద్ధతులు మా వాళ్ళు కానిచ్చారు. స్నానం చేయించారు, బొట్టు పెట్టారు. పాడె ఎత్తేముందు ఇంటివాళ్ళంతా వరసగా చనిపోయినవాళ్ళ నోట్లో బియ్యం వెయ్యాలి. ఎవరో వంటింట్లోంచి బియ్యం డబ్బా తేబోతే అమ్మ ఆపింది. తలగడ పక్కన సంచి లాగి, మూతి విప్పింది.

"దీని బియ్యం ఇక్కడే ఉన్నాయి. మనవి ఎందుకు?"

నాన్న వేశాడు. అమ్మ వేసింది. నా వంతు వచ్చింది. గుప్పిట్లోకి తీసుకున్నాను గానీ చెయ్యి ముందుకి సాగలేదు. అవి తినకుండా దాచినవి. వారమంతా ఆ నోటిని ఎండగట్టి దేవుడికని దాచినవి.

"ఎయ్యే," అంది అమ్మ. నా మణికట్టు పట్టుకుని మామ్మ నోటి దగ్గరికి లాగి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నోరు అప్పటికే నిండిపోయి ఉంది. గింజలు బుగ్గల మీంచి జారి చాప మీద పడ్డాయి.

అమ్మ వంగి వాటిని ఏరి, బొటనవేలితో మళ్ళీ ఆ నోట్లోకే కుక్కింది.