వాళ్ళ నాన్నకూ ఇదే దగ్గు

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఒక్క మాటతో నేను నా స్నేహితురాలు స్టెల్లా బతుకు దారి మళ్ళించాను. ఆ మాటలో అబద్ధమైతే లేదు. అదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

గనులు మూతపడ్డాక పెరిగినవాళ్ళం మేం. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, కంపెనీ వరసగా కట్టించిన లైన్ ఇళ్ళలో పక్కపక్క ఇళ్ళు మావి. స్టెల్లా వాళ్ళ నాన్న భూమి లోపల రాయి కొట్టి, ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. మా నాన్నది గని ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. కోలారు పక్కన ఫ్యాక్టరీకి వచ్చిన జపాన్ ఇంజనీరు భార్య యూకో మేడం, ఆదివారాలు మాలాంటి ఆడపిల్లలకు రగ్బీ నేర్పేది. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆమె మాట వీళ్ళకు, వీళ్ళ మాట ఆమెకు నేనే చెప్పేదాన్ని. స్టెల్లాకు రానిది ఆ ఇంగ్లీషొక్కటే.

రగ్బీలో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. స్టెల్లా ఎప్పుడూ నా భుజం వెనకే ఉండేది. నేను చూడకుండా ఇచ్చినా అందుకుని దూసుకుపోయేది. చప్పట్లన్నీ ఆమెకే. బంతి ఇచ్చింది నేను కదా? ఒక్కరైనా నా వైపు చూశారా? మా అమ్మ కూడా "ఆ పిల్ల పరుగు చూడే" అనేది. అన్నం ముందు ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగేది కాదు.

ఒక ఏడాది, జపాన్‌లో మేడం వాళ్ళ ఊరి జట్టు మాలో ఒకరిని సీజన్ మొత్తానికి పిలిపించుకుంటామంది. స్టెల్లా లేదా నేను. ఎవరో తేల్చడానికి మేడం మమ్మల్ని సైనైడ్ దిబ్బ ఎక్కించింది. బంగారం తీసుకుని గనులు వదిలేసిన పిండిమట్టి గుట్ట అది. ఆ రోజు గాలి బాగా వీస్తోంది. మేడం పైన నిలబడి చూస్తోంది. పైకి ముందు చేరింది స్టెల్లానే. చేరి దగ్గింది. నేనూ దగ్గాను, కింద, మేడానికి వినపడనంత దూరంలో.

నేనూ పైకి చేరాక, స్టెల్లాకు ఎందుకా దగ్గు అని మేడం అడిగింది.

"దుమ్ము కదే. గాలొస్తే ఊరంతా దగ్గుతాది అని చెప్పు," అంది స్టెల్లా.

నేను మేడం వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను, "వాళ్ళ నాన్నకూ ఇదే దగ్గు. దాంతోనే చనిపోయాడు."

మేడం ముఖం మారిపోయింది. స్టెల్లా నా చెయ్యి పట్టుకుంది. "బాగా చెప్పినావా?"

"చెప్పినాను."

నోరు జారిందా? చాలా ఏళ్ళు అలాగే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. గని దుమ్ము జబ్బు తండ్రి నుంచి బిడ్డకు రాదని మా లైన్లలో అందరికీ తెలుసు. మేడానికి తెలియదు. ఆమెకు తెలియదని నాకు తెలుసు.

జపాన్‌కు నేనే వెళ్ళాను. స్టెల్లా మా ఊరి మారికుప్పం స్టేషన్‌దాకా వచ్చి తన బూట్లు నాకిచ్చింది. సొంత మైదానంలో జరిగిన ఆటలన్నిటికీ నేను బెంచీ మీదే కూర్చున్నాను. జట్టు న్యూజిలాండ్ వెళ్ళినప్పుడు, ఒక ఆట చివర్లో ఎవరికో దెబ్బ తగిలితే నన్ను దింపారు. బంతి చేతికొచ్చింది. అలవాటుగా, చూడకుండా వెనక్కి ఇచ్చాను. అక్కడ ఎవరూ లేరు. బంతి గడ్డి మీద పడింది. కాసేపటికి ఆట అయిపోయిందని ఈల వేశారు. ఆట ముగియడాన్ని జపాన్‌వాళ్ళు 'నో సైడ్' అంటారు, ఇంక మా వైపు మీ వైపు అని లేదని. రెండు జట్లూ కలిసి భోజనానికి కూర్చున్నాయి. నాకు ముద్ద దిగలేదు.

స్టెల్లా ఇప్పుడు రోజూ రైలెక్కి బెంగుళూరులో గార్మెంట్స్ పనికి వెళుతుంది. ఆదివారాలు పిల్లలకు రగ్బీ నేర్పుతుంది. వాళ్ళలో నా కూతురూ ఉంది. నన్ను చూపించి "జపాన్‌లో ఆడింది మా పిల్ల" అని గొప్పగా చెబుతుంది. ఆమెకు ఏ దగ్గూ లేదు. మొన్న నా కూతురు ఇంటికొచ్చి, స్టెల్లా అత్తలాగా పరిగెత్తాలమ్మా అంది. ఇంత చేసిన తరువాత కూడా నా కడుపు భగ్గుమంది.

స్టెల్లాకే చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. చెబితే క్షమిస్తుంది. కాసేపు ఏడ్చి, మళ్ళీ నా చెయ్యి పట్టుకుని, "పోనీలేవే" అంటుంది. అందులోనూ ఆమే గెలుస్తుంది. అది నేను ఓర్చుకోలేను. అందుకని ఆమెకు కాక మీకు చెప్పాను. ముల్లు కొంచెం కదిలింది.