అచ్చొచ్చిన తీగ

అల్లం టీ ఆవిరి మొహానికి తగిలితే ఇప్పటికీ నా గుండె గుబేలుమంటుంది. నవ్వకండి. సికింద్రాబాద్‌లో మా కాలేజీ ల్యాబుకి ఎవరొచ్చినా శకుంతల మేడమ్ ఒక తీగను చుట్టచుట్టి వేడి టీలో ముంచేవారు. వేడి తగలగానే అది పాత రూపం గుర్తొచ్చినట్టు చటుక్కున తిన్నగా సాగేది. వచ్చినవాళ్లు "అబ్బా!" అనేవాళ్లు. విద్యార్థులం కట్టిన మా చిన్న ఉపగ్రహానికి రెక్క తెరవాల్సింది అలాంటి తీగే. అంతరిక్షంలో అది పనిచేస్తుందో లేదో తేల్చడానికే ఆ ఉపగ్రహం. ఒక్కసారి కూడా పరువు తీయలేదు, అచ్చొచ్చిన తీగ అని, టీలో ముంచే ఆ తీగనే మేడమ్ ఉపగ్రహానికి బిగించారు.

తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెంట పరుగెడుతున్న రోజులవి. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే నేను నోట్లో నాలుక లేనిదాన్ని. బిగించే ముందు చివరిసారి టీలో ఆ తీగ కాస్త బద్ధకంగా సాగడం నా కంట పడింది. మేడమ్‌కి ఎలా చెప్పడం? ఆవిడ బల్ల ముందు గుటకలు మింగుతూ నిలబడ్డాను.

"ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్? చెప్పు."

"భయంగా ఉంది మేడమ్. వంచి వంచి... తీగ అలిసిపోయిందేమో."

మేడమ్ తనే మరలు విప్పి కొత్త తీగ బిగించారు. దాన్ని ఎక్కువగా పరీక్షించే వీల్లేదు, అదీ అలిసిపోతుంది. "రెక్క తెరుచుకోకుంటే పేరు నాదే పోతది. నువ్వు పరేషాన్ గాకు" అన్నారు. కాకుండా ఎలా ఉంటాను! ప్రయోగం రోజు దాకా నాకు అన్నం సహించలేదు.

ఉపగ్రహం పైకి వెళ్లాక, మా నెత్తిమీదుగా పోతున్నప్పుడు రెక్క తెరవమని కబురు పంపాం. భూమి చుట్టూ తిరిగి మళ్లీ వస్తేగాని సంగతి తెలియదు. కాలేజీ డాబా మీద యాంటెన్నా పక్కన మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"భయమైతుందా?"

"చచ్చేంత, మేడమ్."

"నాకు సుత. జెర నా పక్కనే ఉండు."

అంత పెద్దావిడ ఆ మాట అనగానే నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు "తెరుచుకుంది!" అని అరిచారు. అందరూ గంతులేస్తుంటే మేడమ్ మాత్రం సంచిలోంచి పాత తీగ తీసి, చుట్టచుట్టి, తన టీలో ముంచారు. అది సగం సాగి ఆగిపోయింది. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"నువ్వు చెప్పకుంటే?" అని దాన్ని నా చేతిలో పెట్టారు.

ఆ తీగ ఇప్పుడు బేగంపేట ఆఫీసులో నా సొరుగులో ఉంది. నా దగ్గర పనిచేసేవాళ్లెవరైనా గుటకలు మింగుతూ నిలబడితే భయం ముందు నాకే పుడుతుంది, చెప్పకుండానే వెళ్లిపోతారేమోనని. కుర్చీ జరిపి కూర్చోబెడతాను. వాళ్లు నోరు తెరిచేలోపు నా టీ చల్లారిపోతే పోనీ.