మూడు పొంగులు

ఇవాళ పొద్దున పాలు అడుగంటిన వాసన లోపలినుంచి కొట్టుదాకా వచ్చింది. సబ్బుల కంపెనీ మనిషితో బేరం మంచి పట్టులో ఉంది. ఇంకాసేపు మొహం ముడుచుకుని కూర్చుంటే దిగివచ్చేవాడే. ఆ కమురు వాసన తగలగానే నాకు నవ్వొచ్చేసింది. నవ్వే మనిషికి ధర తగ్గించేదెవరు? "శ్రావణీ, పొయ్యి కట్టెయ్ బిడ్డా!" అని మా అమ్మాయికి కేకేసి, అతను చెప్పిన ధరకే ఒప్పుకున్నాను. ఈ నష్టం వసుంధర డాక్టరమ్మ పుణ్యమే. మాడిన పాల వాసన వస్తే ఆమె వచ్చి ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది.

గద్వాలలో మా వీధి చివర ఆమె పిల్లల దవాఖాన ఉండేది. ఇప్పుడు దవాఖానా లేదు, ఆమె కూడా లేదు. మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందని మావాళ్లు ఎగతాళి చేస్తారు. అలాంటి నేను శ్రావణి పుట్టినప్పుడు ఎవరితో బేరమాడాలో తెలియక తల్లడిల్లాను. ఆపరేషన్ తర్వాత నాకు పాలు సరిగా పడలేదు. పాలపొడి డబ్బా తెచ్చాం. తాగినప్పుడల్లా పిల్ల కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. పొట్ట డప్పులా బిగిసిపోయేది. పుట్టినప్పటి బరువూ నిలవలేదు. దిష్టి తగిలిందని అమ్మ ఎండుమిరపకాయలు తిప్పుతూనే ఉంది. మా కొట్టు మిరపకాయలే కదా, అడిగేవాళ్లు లేరు. పిల్ల నాకు దక్కుతుందో లేదో అన్న భయం మాత్రం నేను పైకి అనలేదు.

ఆఖరికి పిల్లను దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరమ్మ పిల్ల పొట్టమీద వేళ్లతో మెల్లగా తట్టి, అమ్మ వైపు తిరిగింది. "పాలు ఎట్ల కలుపుతున్నవ్ అక్కా?"

"శుభ్రంగనే డాక్టరమ్మా. పొడి కలిపి, పొయ్యిమీద పెట్టి, మూడు పొంగులు వచ్చేదాంక కాగవెడ్త. పచ్చిపాలు పిల్లకెట్ల పోస్తం?"

మాది కొట్టు ఇల్లు. బస్తాలో వచ్చిన పప్పును చెరగకుండా, పిండిని జల్లించకుండా వండం. ఎవరో కట్టి పంపిన పొడిని మాత్రం ఊరికే నమ్ముతామా?

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఉడకబెట్టిన గుడ్డును మల్ల పచ్చిగుడ్డు చేస్తవా అక్కా?"

"గదెట్లయితది?"

"ఈ పొడి ఫ్యాక్టరీలనే వేడి మీద వేడి తిని వచ్చింది. గంత వేడికి పాలల్ల ఉండే మాంసకృత్తులు రూపు మారుతయ్, పాలల్లున్న చక్కెరకే అతుక్కుంటయ్. నువ్వు మల్ల పొంగిస్తివి. నీళ్లు ఆవిరైపోయె, పాలు చిక్కబడె. పెద్దోళ్ల కడుపైతే ఎట్లనో అరిగించుకుంటది. దీని పేగు ఇంకా కడుతున్న గోడ, సున్నం ఆరలే. గా గోడమీద బస్తాలెత్తుతరా?"

ఇక నేను ఊరుకోలేకపోయాను. "అయితే తక్కువ వేడితోని చేసిన డబ్బా ఉంటే చెప్పండి డాక్టరమ్మా. ధర ఎంతైనా సరే." ఆ మాట నా నోటినుంచి రావడం విని అమ్మ అదిరిపడి నా వైపు చూసింది.

"అట్ల చేసేవి ఉన్నయంటున్నరు. జంతువుల పిల్లలల్ల పేగుకు తేడా కనవడ్డదని చదివిన. మన పిల్లలల్ల ఎంత తేడానో నాకు తెల్వదు బిడ్డా."

తెల్వదు! మా కొట్టులో ఆ మాట వినిపించదు. బియ్యం పాతవేనా అంటే పాతవే, నూనె మంచిదేనా అంటే బంగారం. ఇంత చదివిన మనిషి తెలియదనేసరికి నాకు భయం పెరగాలి. విచిత్రంగా తగ్గింది. తెలియనిది తెలియదనే మనిషి, తెలుసు అన్నది నిజమే అయ్యుంటుంది కదా.

"తెలిసింది చెప్త విను," అందామె. "నీళ్లు మరగబెట్టు, పాలు కాదు. జర వేడి తగ్గినంక కొలత ప్రకారం పొడి కలిపి, చల్లార్చి పట్టు. మిగిలితే పారబోయి."

"పారబోయాల్నా?" అమ్మా నేనూ ఒకేసారి అన్నాం.

ఆమె పకపకా నవ్వింది. "కోమటి దుకాణం బయటవడ్డది! ఇగ నీతోని నా బేరం, బిడ్డా. ప్రతిసారి ముందుగాల నీ పాలు పట్టు, తర్వాతనే డబ్బా. పిల్ల గుంజితేనే పాలు దిగుతయ్."

"రాకపోతే?"

"వారం చూద్దాం. బరువు పెరగకుంటే కర్నూలు దవాఖానకు రాసిస్త. పచ్చగ కక్కినా, నెత్తురు కనవడ్డా, అప్పటిదాంక ఆగకు, ఉరుకు."

ఆ వారం నేను దేవుళ్లతో చేసిన బేరాలు చెప్తే మీరు నవ్వుతారు. నాలుగో రోజో ఐదో రోజో, కొట్టునిండా గిరాకీ ఉండగా అమ్మ పిల్ల గుడ్డ పట్టుకుని ఉరికొచ్చింది. "చూడుండ్రి, ఎంత మెత్తగ పోయిందో!" ఉల్లిగడ్డలు ఏరుతున్న ఆవిడ ముక్కు మూసుకుంది. నేను గల్లాపెట్టె వదిలేసి లోపలికి పరుగెత్తి పిల్ల పొట్టమీద చేయి పెట్టాను. దూదిలా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. వారం చివర డాక్టరమ్మ కాంటామీద ముల్లు పైకే జరిగింది. మా కాంటా అలా జరిగితే గిరాకీ గొడవ చేస్తుంది. ఆ రోజు మాత్రం అంత ముద్దొచ్చే ముల్లును నేను చూడలేదు. నెమ్మదిగా డబ్బా తగ్గింది, నా పాలు పెరిగాయి. శ్రావణి ఇప్పుడు పెబ్బేరు సంతలో మిరపకాయ బజ్జీలు తిని రాళ్లను కూడా అరిగించుకునేలా ఉంది.

సబ్బుల మనిషి వెళ్లగానే, చంకలో పసిదానితో ఒక పిల్ల తల్లి వచ్చి పాలపొడి డబ్బాల వైపు చూసింది. "ఏ డబ్బా మంచిదక్కా?"

అన్నింటికంటే ఖరీదైనది నా చేతికి అందేంత దగ్గరలోనే ఉంది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. "ముందుగాల డాక్టర్‌కు చూపియ్. నీ పాలు ఇస్తున్నవా? రా, గిట్ల కూసో."