నోరు తెరిచిన కొక్కెం

నేను లిఫ్టులు చూసేవాణ్ణని చెబితే, కర్నూలులో అపార్టుమెంట్లవాళ్ళు మూడో అంతస్తులో ఇరుక్కున్న తమ లిఫ్టు సంగతి ఎత్తుతారు. పల్లె దారిలో చెబితే బండి ఆపి, "యాడికప్పా లిఫ్టు?" అని వెనక సీటు చూపిస్తారు. నేను చూసేవి ఆ రెండూ కావు. లారీల మీద బిగించిన క్రేన్లు, వ్యాన్ల వెనక సరుకుతో పాటు పైకి లేచే ఇనప పలకలు, వాటి గొలుసులు, తాళ్ళు, కొక్కేలు. బరువెత్తే వస్తువును ఏడాదికోసారి చూసి, పనికొస్తుందనో రాదనో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆత్మకూరులో దుంగలెత్తే లారీలు, రాయచోటిలో సిలిండర్లు దించే వ్యాన్లు, దారి పొడుగునా రాళ్ళెత్తే క్రేన్లు. ఇన్ని బరువులు చూసే నాకు ఇంట్లో బియ్యం మూట ఎత్తితే నడుం పట్టేస్తుంది. చూడటం వేరు, ఎత్తడం వేరు అని మా ఆవిడకు చాలాసార్లు చెప్పి చూశాను. ఆమె మళ్ళీ మూట వైపే వేలు చూపిస్తుంది.

కోయిలకుంట్ల బయట ఒక షెడ్డులో ఆరు క్రేను లారీలున్నాయి. ఓనరు ఒకప్పుడు నల్లరేగడిలో శనగ వేసిన రైతు. ఇప్పుడు గనుల నుంచి పాలిష్ ఫ్యాక్టరీలకు నాపరాళ్ళు తోలుతున్నాడు. కిందటేడు నేను మొదటిసారి అక్కడికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆరు క్రేన్లూ ఎక్కి దిగి, కొక్కేల గడిలో ఆరుసార్లు "బాగుంది" అని రాశాను. పక్కన కొలత రాయాల్సిన గడి ఉంటుంది. అందులోనూ బాగుందనే రాశాను. తప్పని తెలియక కాదు. కంటికి బాగానే కనబడ్డాయి, ఇంతలో భోజనానికి పిలిచారు. ఆ భోజనమూ బాగుంది.

ఈ ఏడు బుద్ధిగా మొదటి బస్సు పట్టుకుని ఏడున్నరకే షెడ్డులో దిగాను. లారీల మధ్య ఒక పెద్దాయన తిరుగుతున్నాడు. డెబ్బైకి దగ్గరపడిన సాయిబు. షెడ్డులోని గొలుసులూ కొక్కేలూ అన్నీ ఆయన చేతి కిందే ఉంటాయి. ఓనరు ఆయన్ని మామా అంటాడు, కాబట్టి డ్రైవర్లందరికీ మామే. చేతిలో చిన్న రేకు డబ్బా పట్టుకుని, ఒక్కో క్రేను దగ్గర ఆగి, డబ్బాలోంచి వేలెడు వెదురు పుల్ల తీసి కొక్కెం నోట్లో అడ్డంగా పెట్టి చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?" అన్నాను.

"పండ్లు తోమిస్తాండాప్పా. పొద్దున లేస్తానే మనకుండే పనే గదా, వీటికీ ఉండల్ల."

పరాచికమనుకుని నవ్వాను. దగ్గరికెళ్ళి చూశాక నవ్వు ఆగింది.

కొక్కేనికి నోరు ఉంటుంది. తగిలించిన గొలుసు జారిపోకుండా ఆ నోటికి అడ్డంగా స్ప్రింగుతో పడే ముక్కను నాలుక అంటాం. మోయలేని బరువు మోసి మోసి ఇనుము అలిసిపోతే ఆ నోరు పిసరంత పిసరంత తెరుచుకుంటుంది. మనిషి నోరు తెరిస్తే ఆవలింతో అబద్ధమో బయటికొస్తుంది. కొక్కెం నోరు తెరిస్తే రాయి కింద పడుతుంది. అయితే ఎంత తెరుచుకుందో తెలియాలంటే కొత్తలో ఎంత ఉండేదో తెలియాలి. పెద్దాయన ప్రతి కొక్కెం నోటికీ ఇటొకటి అటొకటి ఉలితో రెండు చుక్కలు కొట్టాడు. కొక్కెం కొత్తగా ఎక్కించిన రోజే ఆ చుక్కల మధ్య ఖాళీకి సరిపడా వెదురు పుల్ల కోసి పెట్టుకున్నాడు. ఒకటో లారీ పుల్లకు ఒక గాటు, ఆరో లారీ పుల్లకు ఆరు గాట్లు. ఆయనకు చదువు రాదు. కానీ నా ఫారంలో అంకె లేని గడి ఆయన డబ్బాలో నిండుగా ఉంది.

మూడు లారీల దగ్గర పుల్ల బిర్రుగా నిలబడింది. నాలుగో లారీ దగ్గర పుల్ల పెట్టి చెయ్యి తీశాడు. అది నేల మీద పడింది.

"రెండు దినాల నుంచి ఇంతే," అన్నాడు వంగి పుల్ల ఏరుకుంటూ. "ఈ పొద్దు కూడా పొయ్యొద్దంటాండా. వినేటట్లు లేరు."

ఆయన ఎందుకు వద్దంటున్నాడో నాకు ఆ తర్వాత తెలిసింది. నాలుగో లారీ క్రేను రాయిని గాలిలోకి లేపినప్పుడు, పక్కనే నిలబడి దాన్ని చేత్తో తిప్పి లారీ తొట్టి మీదికి మళ్ళించేది ఆయన కొడుకు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అప్పటికే తొమ్మిదింటికి గనికి బయలుదేరడానికి చేతులకు గుడ్డలు చుట్టుకుంటున్నాడు.

ఓనరు ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. "సారూ, నువ్వే చెప్పల్ల. మామకు వయసైపోయింది. కొక్కెం నోరు తెరిచిందంటాడు, నాకు చూస్తే మూసినట్లే ఉండాది. రెండు దినాల నుంచి బండి నిలబెట్టినా. ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ మీద ఫోన్. నువ్వు బాగుందని రాస్తే బండి పోతాది, మామ రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటాడు. బాగలేదంటే నిలబెడతా. అంతే."

అలా నా సంతకం మీద ఒక కొక్కెమే కాదు, ఒక కొడుకూ ఒక తండ్రీ కూడా వేలాడుతున్నారని అర్థమైంది. కొలత పనిముట్టు తీసి నోరు కొలిచాను. ఒక అంకె వచ్చింది. దాన్ని దేనితో పోల్చాలి?

"కిందటేటి కాగితం ఉందా?"

ఓనరు ఫైలు తెరిచి, వేలు పెట్టి, పైకి చదివాడు. "నాలుగో బండి. కొక్కెం, బాగుంది. కొలత, బాగుంది." ఆగి నా వైపు చూశాడు. "బాగుందంటే ఎన్ని మిల్లీమీటర్లు సారూ?"

డ్రైవర్లు నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన చూపు కొక్కెం మీదే ఉంది.

పరువు కాపాడుకోవాలని ఒక శాస్త్రం ఎత్తుకున్నాను. "మామా, వెదురు ఎండకు కుంచించుకుని ఉంటుంది. మన ఎండలు తెలిసినవే కదా." వెదురు నిలువునా కుంచించుకోదని నాకు తెలుసు. అయినా జవాబు తోచనప్పుడు నేరం ఎండ మీద వేయడం మా సీమలో అందరికీ అలవాటు.

పెద్దాయన డబ్బా నా ముందు పెట్టాడు. "మూడేండ్ల కింద ఆరింటికీ కొత్త కొక్కేలు ఒకే పొద్దు ఎక్కించినాం. ఆ పొద్దే ఒకే బొంగు కోసి ఆరు పుల్లలు చేసినా. ఎండకు ఎండింటే ఆరూ ఎండల్ల గదప్పా. దీనికొక్కదానికే వేరే సూర్యుడు ఉండాడా?"

నేను కాలేజీలో మూడేళ్ళు చదివి, నేర్చుకున్నాననుకున్నది అది. ఒకదాన్ని పరీక్షించాలంటే పక్కన మారనివి కొన్ని ఉండాలి. ఆయన అది ఒక రేకు డబ్బాలో పెట్టుకుని మూడేళ్ళుగా రోజూ పొద్దున తిరుగుతున్నాడు. మిగిలిన రెండు లారీల దగ్గరా పుల్లలు పెట్టి చూశాను. బిర్రుగా నిలబడ్డాయి. నాలుగో దాంట్లో మళ్ళీ పడింది. ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

సంచిలోంచి రంగు డబ్బాలు తీశాను. కంటికి కనిపించని పగులు ఉంటే బయటపెట్టే పరీక్ష ఇది. కొక్కెం ఒంపును శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు పట్టించాలి. పగులుంటే రంగు అందులోకి దిగుతుంది. కాసేపాగి పైరంగంతా తుడిచేసి తెల్ల పొడి చల్లాలి. లోపల దిగిన ఎరుపు ఆ తెలుపు మీదికి పైకి తేలుతుంది. చెప్పడానికి నాలుగు మాటలే, ఆగడానికి అరగంట. ఆ అరగంటలో ఓనరు ఫోను ఆరేడుసార్లు మోగింది. కొడుకు చేతి గుడ్డలు విప్పి, మళ్ళీ చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"ఏం నాయినా, నా మీద నమ్మకం ల్యాదా?" అన్నాడు తండ్రితో. "రాయి వస్తే పక్కకు దూకలేనా?"

"రాయి చెప్పి పడతాదా?" అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క మాటే. కొడుకు గుడ్డలు చుట్టుకోవడం మానేశాడు.

తెల్ల పొడి చల్లాను. కొక్కెం సున్నం వేసిన గోడలా కనిపించింది. ఏమీ లేదు. ఓనరు ఊపిరి వదిలాడు. నేను కూడా వదిలాననే చెప్పాలి. ఏమీ లేకపోతే నా పాత "బాగుంది" బతికిపోతుంది. ఆ సిగ్గుమాలిన ఆశ ఇంకా లోపల ఉండగానే, ఒంపు లోపలి వైపు, బరువంతా ఆనే చోట, ఒక ఎర్ర చుక్క తేలింది. దాని పక్కన ఇంకొకటి. చుక్కలు కలిసి వెంట్రుకంత గీత అయ్యాయి. గీత నా కళ్ళ ముందే పాకుతూ పొడుగు పెరిగింది. ఇన్నేళ్ళలో అలాంటి గీతలు చాలా చూశాను. కానీ గీత బయటపడక ముందే, రెండు రోజుల ముందే, వెదురు ముక్కతో దాన్ని పసిగట్టిన మనిషి పక్కన నిలబడి చూడటం అదే మొదటిసారి. ఎంతసేపు చూశానో తెలియదు.

"నోరు మూయప్పా సారూ," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "కొక్కెం మాదిరి తెరుచుకున్నావు."

షెడ్డంతా నవ్వింది, ఓనరు తప్ప. అతను వంగి ఆ గీతను వేలితో తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని చూపు అక్కణ్ణుంచి పెద్దాయన కొడుకు మీదికి పోయింది. "మామా," అన్నాడు చివరికి. ఫోను మళ్ళీ మోగితే ఎత్తి, "బండి లేటుగా వస్తాది. కావాలంటే తీసుకోండి, లేకపోతే లేదు," అని పెట్టేశాడు.

తీసేసిన కొక్కేన్ని మళ్ళీ ఎవరూ వాడకుండా గ్యాసుతో రెండు ముక్కలు చేయించాను. గోదాములో గోనెపట్టలో చుట్టి ఉంచిన కొత్త కొక్కెం ఎక్కించారు. మామూలు కంటే బరువైన రాయిని జానెడెత్తు లేపి నిలిపి చూశాం. అంతసేపూ కొడుకును దూరంగా నా పక్కన నిలబెట్టుకున్నాను. ఫారంలో ఈసారి అంకెలు రాశాను, ఆరు కొక్కేలకూ, ఒక్క బాగుందీ లేకుండా. కిందటేడు కొలత గడిలో అంకె రాయకపోవడం నా పొరపాటేనని వేరే కాగితం మీద రాసి ఫైల్లో పెట్టాను.

మధ్యాహ్నం నాలుగో లారీ గనికి బయలుదేరింది. కొడుకు క్యాబిన్లోంచి తండ్రికి చెయ్యి ఊపాడు. పెద్దాయన చూడలేదు. అప్పటికే కొత్త కొక్కెం కోసం కోసిన పుల్లకు నాలుగో గాటు పెడుతున్నాడు. పక్కన కూర్చుని, ఊరికే బాగుందని జారకుండా నా నోటికీ ఒక పుల్ల కోసివ్వమని అడిగాను.

కత్తి ఆపకుండానే అన్నాడు. "ఏడాదికొకసారి తెరిచే నోటికి పుల్లెందుకప్పా?"