ఫెలిసియానా పెద్దమ్మ కుక్కలు

ఫెలిసియానా పెద్దమ్మ తన తాతల నాటి తెవెల్చే భాషలో కుక్కలతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. మనుషులకైతే స్పానిష్, అదీ కొలిచి పోసినట్టు. ఆ భాష పూర్తిగా వచ్చిన మనిషి ఈ భూమ్మీద ఇక ఆవిడ ఒక్కతేనని పట్నం పత్రికలవాళ్ళు వచ్చి రాసుకుపోయారు. కుక్కలు పత్రికలు చదవవు కాబట్టి అవి మామూలుగానే వింటూ ఉండేవి.

మధ్యలో నలిగిపోయింది నొయెమీ. పెద్దమ్మ చెల్లెలి కూతురు. యాభై రెండేళ్ళు. తల్లి పోయాక పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. పొద్దున్న లేస్తే గాలి, గాలి తగ్గితే పెద్దమ్మ, పెద్దమ్మ కునుకు తీస్తే ఎవరో ఒక పరిశోధకుడు. వచ్చిన ప్రతివాడూ గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ "ఆఖరావిడ ఈవిడేనా?" అని అడుగుతాడు, ఆవిడ ఎదురుగానే. ఆ మాట వింటే చాలు, నొయెమీకి నడుం నొప్పి వచ్చేది.

ఓసారి రాజధాని నుంచి ఫిగెరోవా అనే పండితుడు టేప్ రికార్డరుతో దిగాడు.

"అమ్మా, గుర్రాన్ని మీ భాషలో ఏమంటారు?"

"మరిచిపోయాను నాయనా. మాతే టీ తాగు."

"పోనీ, రాయి?"

"అదీ మరిచిపోయాను. రొట్టెలు వేయించాను, తిను."

ఇలా మూడు కెటిళ్ళ మాతే అయిపోయింది. అంతలో ఓ కుక్క అతని సంచిలోంచి మాంసం పొట్లం లాక్కుపోయింది. పెద్దమ్మ లేచి దాని ఏడు తరాల మీదా దుమ్మెత్తిపోసింది. గొంతులో ఎండుపుల్లలు విరిచినట్టు టకటకమనే మాటలు, గుక్క తిప్పుకోకుండా రెండు నిమిషాలు. ఫిగెరోవా మీట వెతుక్కుని నొక్కేసరికి ఆవిడ చల్లబడి కూర్చుంది.

"ఏమన్నారమ్మా? ఏమన్నారు?"

"అది నాకూ కుక్కకీ మధ్య వ్యవహారం. నీకెందుకు?"

మర్నాడు అతను పొయ్యి పక్కన కుక్కల మధ్య నేలమీద చేరి మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. పెద్దమ్మకు జాలేసి అతని వైపు కూడా ఓ ఎముక విసిరి, ఏదో అంది. అతను పరమానందంగా దాన్ని రికార్డు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ముక్క ఇప్పటికీ ఏ గ్రంథాలయంలోనో భద్రంగా ఉండే ఉంటుంది.

వీళ్ళు పట్నం మనుషులు, వస్తారు, పోతారు. ఇరుగుపొరుగుతోనే అసలు చిక్కు. పెద్దమ్మ పెంచిన కుక్కపిల్లలు గొర్రెలు కాయడంలో గట్టివి. ఆర్నెల్లు దగ్గరుంచుకుని తర్ఫీదు ఇచ్చి, అడిగినా అడక్కపోయినా ఇంటికొకటి అంటగట్టేది. అక్కడ ఉన్నవే తొమ్మిది ఇళ్ళు. తొమ్మిదింటికీ చేరాయి. ఒక్క కుక్కకూ ఒక్క స్పానిష్ ముక్క రాదు.

మొదటి బాధితుడు బెనిగ్నో. కోసెడు దూరం గుర్రం దౌడు తీయించుకుంటూ వచ్చాడు.

"అక్కా! నీ కుక్క మొద్దుదే! ఆగు అంటే ఆగదు. అరిచాను, ఈల వేశాను, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నా మొహంలోకి చూస్తోంది!"

"దాంతో ఏ భాషలో మాట్లాడావు?"

"క్రైస్తవుల భాషలోనే, స్పానిష్‌లో!"

"దానికి బాప్తిస్మం ఇవ్వలేదురా," అని పెద్దమ్మ తన భాషలో ఆగమనే మాట చెప్పింది. గొంతు సరిగ్గా పలికేదాకా వాణ్ని వాకిట్లో నిలబెట్టి ఇరవైసార్లు అనిపించింది. వాడు ఆ మాటే వల్లిస్తూ తిరిగి వెళ్ళేసరికి సగం గొర్రెలు సరిహద్దు దాటి చిలీ గడ్డి మేస్తున్నాయి.

ఆ తర్వాత వాకిలి ఖాళీగా ఉన్న రోజు లేదు. "లేవమనడానికి ఏమనాలి?" "కుడివైపు పొమ్మంటే ఎలా?" వచ్చినవాళ్ళ తిట్లన్నీ నొయెమీకి, పెద్దమ్మ మాటలన్నీ వాళ్ళకి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"నేను పదిహేనేళ్ళప్పుడు అడిగాను, ముప్ఫైలో అడిగాను, నలభైలో అడిగాను," అంది నొయెమీ ఒకరోజు, గిన్నెలు తోముతూ. "మరిచిపోయానన్నావు. కుక్కలతో ఎలా గుర్తొస్తుంది నీకు?"

"కుక్కలు అడగవుగా."

నొయెమీకి ఏడుపొచ్చింది. కుక్కపాటి చెయ్యనా అనుకుంది. గిన్నెలు మాత్రం ఆపకుండా తోమింది, ఎందుకంటే ఎవరో ఒకరు తోమాలి.

ఆ శీతాకాలం పెద్దమ్మ మంచం పట్టింది. ఎండలు వచ్చాక కూడా దగ్గు వదల్లేదు. అయినా గొర్రెపిల్లల చెవులకు గుర్తులు వేసే రోజున వస్తానని పట్టుబట్టింది. నొయెమీ దుప్పటి చుట్టి తీసుకెళ్ళి, దొడ్డి పక్కన పెట్టె మీద కూర్చోబెట్టింది. పెద్దమ్మ దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆడకుక్క వెంట నడిచింది.

తొమ్మిది ఇళ్ళవాళ్ళూ, తొమ్మిది కుక్కలూ, వెయ్యి గొర్రెలూ ఒక్కచోట కలిశాయి. ఇక మొదలయ్యాయి కేకలు. బెనిగ్నో అటునుంచి, అతని భార్య ఇటునుంచి, పిల్లలు కంచె ఎక్కి, అందరూ ఒకేసారి గాలికి ఎదురుగా అరుస్తున్నారు, అందరూ తెవెల్చేలోనే. ఆగు, తిరుగు, తోలుకురా, దాన్ని వదిలెయ్. గొర్రెపిల్లల చెవులకు గాట్లు పెట్టే చాకు నొయెమీ చేతిలోనే ఉండిపోయింది. ఒక్క మనిషికే వచ్చునని పత్రికలో వేసిన భాషలో ఆ మైదానమంతా దెబ్బలాడుకుంటోంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తోంది గానీ, పెదవులు మాత్రం తప్పులు దిద్దుతున్నాయి.

"ఇందుకేనా పెద్దమ్మా, కుక్కల్ని పంచావు?"

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. "బడిలో నేనూ మీ అమ్మా ఈ భాషలో నీళ్ళడిగాం. పంతులమ్మ సాయంత్రం దాకా మోకాళ్ళ మీద నిలబెట్టింది. నీకు నేర్పి నిన్నూ నిలబెట్టించమంటావా? కుక్కని ఏ పంతులమ్మ నిలబెడుతుంది?"

"ఇప్పుడెవరూ నిలబెట్టరుగా."

"భయం పోవడానికి నాకు ఇంతకాలం పట్టింది, ఏం చెయ్యను? మన పెద్దల పద్ధతి నువ్వూ విన్నావు. మనిషి పోతే ఆ మనిషి గుర్రం, కుక్క, గిన్నె, గుడ్డ ఏదీ మిగల్చరు. నాదంటూ ఉంటే నాతో పోవాల్సిందే. పంచేసింది నాది కాదు, దాని జోలికి ఎవరూ రారు." పక్కనున్న ఆడకుక్క మెడకు కట్టిన తాడు కొస నొయెమీ చేతిలో పెట్టింది. "ఇది నీది."

"నాకు గొర్రెల్లేవు పెద్దమ్మా."

"ఎవరివో ఒకరివి తోలు."

నొయెమీ తాడు విప్పి, ఇన్నేళ్ళుగా చాటుగా విన్నదాన్ని గుర్తుచేసుకుని ఓ మాట అంది. కుక్క మర్యాదగా చూసి కూర్చుంది. మళ్ళీ అంది. కుక్క పడుకుంది.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. పెట్టె మీంచి సగం లేచి, కర్ర ఊపుతూ, గొంతులోంచి టకటకా తిట్లు కురిపించింది. కుక్క బెదిరి బెనిగ్నో వెనక దాక్కుంది. కానీ పెద్దమ్మ చూపు కుక్క మీద లేదు. తిట్టేది నొయెమీని.

నొయెమీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అలసిన మొహమంతా నవ్వయింది.

"బెనిగ్నో, ఏమంటోందిరా నన్ను?"

బెనిగ్నో టోపీ తీసి తల గోక్కున్నాడు. "అంతా తెలీదు నొయెమీ. చివరిది మాత్రం నేను మా కుక్కతో రోజూ అనేదే. గాలికి అడ్డంగా నిలబడ్డావు, తప్పుకోమంటోంది."

నొయెమీ పక్కకి జరిగింది.