మూడు సెల్లులు

మా నాయన రేడియోకు మూడు సెల్లులు పట్టేవి. అవి నీరసపడితే ఎండలో పెట్టి, ఇంకో నాలుగు రోజులు పాడించేవాడు. ఆ ఏడు పినపాక సంతలో కొత్తవి అడిగితే కొట్టు సేటు తల అడ్డంగా ఊపాడు.

"పోలీస్ స్టేషన్ల నీ పేరు రాయించి చీటీ తే. మీ గూడెపోళ్లు అడవిల అన్నలకు సెల్లులు ఇస్తున్నరంట."

"పాట ఇననీకి చీటీ ఏంది?" అని నాయన ఉత్త చేతులతో వచ్చేశాడు. స్టేషన్‌లో ఒకసారి పేరు పడితే ప్రతిదానికీ పిలుస్తారని గూడెమంతా ఎరుగుదుం.

రేడియో దూలానికెక్కింది. అయినా పొద్దుగూకితే ఆయన దాని కిందే మంచం వాల్చుకునేవాడు. ఎవరికేం అపకారం చేశాడని ఆ మనిషికి పాట లేకుండా చేశారు? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన పోయాక, నా మొదటి జీతంతో మూడు సెల్లులు కొన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. రేడియో దించి చూస్తే ముల్లు ఆయన వదిలిన చోటే ఉంది. ముందు గరగర, తర్వాత పాట. పక్కన నాయన మంచం కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గాను.

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. పాట కోసమే అనుకున్నాను. తలుపు గడియ పెట్టి, "జర తగ్గియ్యి బిడ్డా, ఎవరన్నా ఇంటరు" అంది.